ఒకే మైకు, పలు యంత్రాలు: ర్యాకులో శబ్ద సంకేతాన్ని పంచే విధానం

చంద్రపూర్ జిల్లా దక్షిణ అంచున ఉన్న రాజురా, కోర్పనా, జివతి, గోండ్‌పిప్రి తాలూకాలలో సభ ఏదైనా రెండు భాషలు వినిపించడం సహజం. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు రాజురా ప్రాంతం హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలో భాగంగా ఉండేది. ఆ తరువాత సరిహద్దు రేఖ మారినా ఇళ్లలో తెలుగు మారలేదు. బడిలో, కచేరిలో మరాఠీ, ఇంటిలో తెలుగు అనే అలవాటు ఈనాటికీ కొనసాగుతున్నది. అందువల్ల పాఠశాల వార్షికోత్సవమైనా, గ్రామసభ అయినా, జాతర అయినా ఒకే వేదికమీది మాట పలు చోట్లకు స్పష్టంగా చేరవలసిన అవసరం ఇక్కడ ఎక్కువ.

చంద్రపూర్ పట్టణంలో చైత్రమాసంలో జరిగే మహాకాళి జాతరకు మరాఠ్వాడా నుండి, తెలంగాణ నుండి కూడా భక్తులు తరలివస్తారు. 1956 అక్టోబరు 16న డాక్టర్ అంబేడ్కర్ ధమ్మదీక్ష ఇచ్చిన దీక్షాభూమిలో ఏటా అక్టోబరులో పెద్ద సమావేశం జరుగుతుంది. ఇటువంటి జనసందోహంలో తప్పిపోయిన పిల్లవాని పేరు ఒక మూల వినిపించి మరొక మూల వినిపించకపోతే, ఆ తల్లిదండ్రుల వేదన చెప్పనలవి కాదు. మాట అందరికీ చేరడం అన్నది సౌకర్యం మాత్రమే కాదు, ఒక్కొక్కప్పుడు అది రక్షణ కూడా.

ఒక మైకు నుండి వచ్చే శబ్ద సంకేతాన్ని రెండు మూడు యాంప్లిఫయర్లకు, రికార్డరుకు, వీడియో కెమెరాకు, స్థానిక కేబుల్ ప్రసారానికి ఏకకాలంలో అందించడం ఎట్లా? ఆ యంత్రాలన్నిటినీ ఒకే ర్యాకులో అమర్చినప్పుడు తీగలు చిక్కుపడకుండా, శబ్దం చెడకుండా చూసుకోవడం ఎట్లా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానమే ఈ వ్యాసం.

సాధారణంగా జరిగే పొరపాటు

గణతంత్ర దినోత్సవం నాడు ఒక గ్రామ పాఠశాలలో సభ జరుగుతున్నదనుకుందాం. మిక్సర్ నుండి ఒక తీగ యాంప్లిఫయరుకు వెళ్లింది. స్త్రీలు కూర్చున్న వైపుకు రెండవ యాంప్లిఫయరు కావలసి వచ్చింది. వీడియో తీసే యువకుడు తనకూ శబ్దం కావాలన్నాడు. మైకుసెట్టు కుర్రవాడు తీగ పైతోలు గీకి, మరో రెండు తీగలు మెలివేసి, టేపు చుట్టాడు. వెంటనే పెట్టెలన్నిటిలో గుంయ్‌మనే మోత మొదలయింది. కొంతసేపటికి వీడియో యువకుడు తన తీగ పెరికివేయగానే ఠాప్పుమని పేలిన శబ్దం వచ్చి, పిల్లల పాట మధ్యలోనే ఆగిపోయింది. నేరం యంత్రాలది కాదు, పంచిన పద్ధతిది.

సంకేతం నీటివంటిది కాదు

చాలామంది శబ్ద సంకేతాన్ని కాలువ నీటితో పోలుస్తారు. నాలుగు పొలాలకు పంచితే ఒక్కొక్క పొలానికి నాలుగవ వంతే వస్తుందని వారి భావన. విద్యుత్ సంకేతం విషయంలో ఇది సరికాదు. ఇంటిలో ఒకే లైనుపై నాలుగు బల్బులు సమాంతరంగా పెట్టినా ప్రతి బల్బుకూ అదే 230 వోల్టులు అందుతాయి. అట్లాగే మిక్సర్ ఇచ్చే వోల్టేజీ కూడా దానికి సమాంతరంగా కలిపిన యంత్రాలన్నిటికీ దాదాపు సమానంగానే చేరుతుంది. అయితే ఇచ్చే యంత్రంపై భారం ఒక హద్దు దాటకూడదు.

ఈ హద్దును నిర్ణయించేది ఇంపిడెన్సు. దీనిని ఓమ్‌లలో కొలుస్తారు. నేటి మిక్సర్ల ఔట్‌పుట్ ఇంపిడెన్సు సాధారణంగా 100 నుండి 200 ఓమ్‌ల వరకు, యాంప్లిఫయరు ఇన్‌పుట్ ఇంపిడెన్సు 10,000 ఓమ్‌లు లేదా అంతకు మించి ఉంటుంది. ఇచ్చేవాని నిరోధం తక్కువ, పుచ్చుకొనేవాని నిరోధం ఎక్కువ. పంపకం సాధ్యం కావడానికి మూలసూత్రం ఇదే.

ఒక లెక్క చూద్దాం. మిక్సర్ ఔట్‌పుట్ 150 ఓమ్‌లు. దానికి 10,000 ఓమ్‌ల యాంప్లిఫయర్లు నాలుగు సమాంతరంగా కలిపితే మొత్తం భారం 2,500 ఓమ్‌లు అవుతుంది. అప్పుడు చేరే వోల్టేజీ 2,500ను 2,650తో భాగించినంత, అనగా సుమారు 94 శాతం. డెసిబెల్ లెక్కలో ఈ నష్టం సగం డెసిబెల్ మాత్రమే, చెవికి తెలియదు. పది యాంప్లిఫయర్లు కలిపినా భారం 1,000 ఓమ్‌లు, చేరేది 87 శాతం, నష్టం 1.2 డెసిబెల్. కావున లైను స్థాయి సంకేతాన్ని మూడు నాలుగు యంత్రాలకు నేరుగా పంచడంలో శబ్దం తగ్గుతుందన్న భయం అక్కరలేదు.

ఏ స్థాయి సంకేతమో ముందు తెలియాలి

మైకు నుండి వచ్చే సంకేతం అతి స్వల్పం. కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. ఇంటి వాడకపు టేపురికార్డరు, సీడీ ప్లేయరు వంటివి ఇచ్చే లైను స్థాయికి ప్రమాణం 0.316 వోల్టు. స్టూడియో తరహా మిక్సర్లు ఇచ్చే లైను స్థాయికి ప్రమాణం 1.23 వోల్టులు. ఈ రెంటి మధ్య సుమారు నాలుగు రెట్ల తేడా ఉంది. పెద్ద మిక్సర్ నుండి చిన్న రికార్డరుకు తీగ ఇచ్చినప్పుడు మాట పగిలినట్లు వినబడటానికి కారణం సాధారణంగా ఇదే. అటువంటప్పుడు రికార్డరులోని ఇన్‌పుట్ మీటను తగ్గించాలి, లేదా మిక్సర్‌లో వేరే ఆగ్జిలరీ ఔట్‌పుట్ తీసుకొని దాని స్థాయిని విడిగా సరిచేయాలి.

అన్నిటికంటె ముఖ్యమైన హెచ్చరిక మరొకటి ఉంది. యాంప్లిఫయరు వెనుక భోంగాలకు వెళ్లే 70 వోల్టుల, 100 వోల్టుల ఔట్‌పుట్‌లు సంకేతం పంచుకొనేందుకు ఉద్దేశించినవి కావు. ఒక వోల్టుకోసం తయారైన రికార్డరు ఇన్‌పుట్‌కు ఆ తీగ తగిలిస్తే రికార్డరు కాలిపోతుంది, పట్టుకొన్నవానికి షాకు తగలవచ్చు. రెండవ యాంప్లిఫయరుకు గాని, రికార్డరుకు గాని సంకేతం మిక్సర్ నుండి, లేదా యాంప్లిఫయరు వెనుక లైన్ ఔట్ అని రాసి ఉన్న చోటు నుండి మాత్రమే తీసుకోవాలి.

పంచవచ్చు, కాని కలపరాదు

ఒక ఔట్‌పుట్‌ను పలు ఇన్‌పుట్‌లకు ఇవ్వవచ్చు. పలు ఔట్‌పుట్‌లను ఒకే ఇన్‌పుట్‌కు నేరుగా మెలివేయరాదు. ఎందుకనగా ప్రతి ఔట్‌పుట్ నిరోధం తక్కువ కాబట్టి ఒకదాని సంకేతం మరొకదానిలోకి పోయి అక్కడే వృథా అవుతుంది. శబ్దం తగ్గుతుంది, పగులుతుంది, కొన్నిసార్లు ఔట్‌పుట్ భాగమే వేడెక్కి చెడుతుంది. రెండు సంకేతాలను కలపడానికి మిక్సర్ ఉండనే ఉంది.

మొబైలు ఫోను నుండి పాట వేసేటప్పుడు ఈ పొరపాటు తరచుగా జరుగుతుంది. ఫోను ఎడమ, కుడి అని రెండు ఔట్‌పుట్‌లు ఇస్తుంది. యాంప్లిఫయరుకు ఒకే ఇన్‌పుట్ ఉన్నదని ఆ రెంటినీ కలిపి అతుకుతారు. అట్లా కాక, ఒక్కొక్క తీగలో 1,000 ఓమ్‌ల రెసిస్టరు పెట్టి, ఆ రెసిస్టర్ల చివరలను కలిపి ఇన్‌పుట్‌కు ఇస్తే పని నిరపాయంగా జరుగుతుంది. రెసిస్టర్లు జాక్ గొట్టంలోనే ఇమిడిపోతాయి.

పంచే మూడు మార్గాలు

మొదటిది వై-తీగ. ఒక కొన దగ్గర ఒక జాక్, మరొక కొన దగ్గర రెండు జాక్‌లు ఉంటాయి. చవకైనది, రెండు మూడు యంత్రాలకు చాలును. లోపం ఏమనగా ఒక కొమ్మలో తీగ షార్టయితే అన్ని కొమ్మలూ మూగబోతాయి. కొన్ని యంత్రాలు స్విచ్ ఆపి ఉంచినప్పుడు కూడా సంకేతాన్ని చెడగొడతాయి. వాటి లోపలి రక్షణ డయోడ్లు శబ్దాన్ని కత్తిరించడమే ఇందుకు కారణం.

రెండవది గొలుసు పద్ధతి. మొదటి యాంప్లిఫయరు నుండి రెండవదానికి, దాని నుండి మూడవదానికి తీగ ఇస్తారు. తీగ ఖర్చు తక్కువ. కాని మధ్యలో ఒక కొక్కెం ఊడితే దాని తరువాతివన్నీ ఆగిపోతాయి.

మూడవది డిస్ట్రిబ్యూషన్ యాంప్లిఫయరు. పేరు యాంప్లిఫయరు అయినా ఇది శబ్దాన్ని పెంచేది కాదు, పంచేది. ఒక ఇన్‌పుట్ తీసుకొని నాలుగు, ఆరు లేక ఎనిమిది ఔట్‌పుట్‌లు ఇస్తుంది. ప్రతి ఔట్‌పుట్‌కు విడిగా ఒక చిన్న ఐసీ, దాని చివర 50 నుండి 100 ఓమ్‌ల రెసిస్టరు ఉంటాయి. దీనివల్ల ఒక కొమ్మ షార్టయినా మిగిలినవి యథాతథంగా పనిచేస్తాయి. నాయకుల సభలలో విలేఖరులందరూ తమ తమ కెమెరాలు తగిలించుకొనే పెట్టె ఈ కోవకు చెందినదే. నాలుగు కంటె ఎక్కువ యంత్రాలున్నప్పుడు, ముఖ్యంగా బయటివారు తీగలు తగిలించి తీసే చోట, ఈ మార్గమే ఉత్తమం.

గుంయ్‌మనే మోత ఎందుకు వస్తుంది?

పంపకంలో అందరినీ వేధించే సమస్య ఇది. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తి చేస్తుంది. ఆ 50 ఆవృత్తుల మోత, దాని రెట్టింపైన 100 ఆవృత్తుల మోతే మనకు వినిపించేది.

రెండు యంత్రాలు వేర్వేరు చోట్ల సాకెట్లకు తగిలించి ఉన్నాయనుకుందాం. రెండు చోట్లా ఎర్త్ ఉన్నది, కాని ఆ రెండు ఎర్త్‌ల మధ్య స్వల్పంగా వోల్టేజీ తేడా ఉంటుంది. శబ్దపు తీగ షీల్డు ఆ రెంటినీ కలపగానే ఒక వలయం ఏర్పడి, షీల్డు గుండా అనవసర ప్రవాహం సాగుతుంది. సంకేతం ఒక వోల్టు ఉన్నచోట పది మిల్లీవోల్టుల మోత చేరినా నిశ్శబ్ద సమయంలో స్పష్టంగా వినిపిస్తుంది.

దీనికి కొందరు కనిపెట్టిన ఉపాయం ప్లగ్గులోని ఎర్త్ పిన్ను విరిచివేయడం. మోత ఆగిపోవచ్చు, కాని యంత్రంలో లీకేజీ వచ్చిననాడు ఆ విద్యుత్తు మైకు పట్టుకొన్న పిల్లల చేతిగుండా భూమికి చేరుతుంది. తడి నేలపై, ఇనుప వేదికపై ఇది ప్రాణాంతకం. ఎర్త్ పిన్ను ఎట్టి పరిస్థితిలోను తీయరాదు.

సరియైన ఉపాయాలు మూడున్నాయి. ఒకటి, శబ్దయంత్రాలన్నిటికీ ఒకే బోర్డు నుండి విద్యుత్తు ఇవ్వడం. ర్యాకు ఉపయోగం ఇక్కడే తెలుస్తుంది. అన్నీ ఒకే చోట ఉంటే ఎర్త్ కూడా ఒకటే అవుతుంది. దీపాలంకరణకు మాత్రం వేరే లైను వాడాలి. రెండు, దూరాన ఉన్న యంత్రానికి వెళ్లే కొమ్మలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టడం. అందులో రెండు తీగచుట్టల మధ్య విద్యుత్ సంబంధం ఉండదు. సంకేతం అయస్కాంత క్షేత్రం ద్వారా దాటుతుంది, ఎర్త్ వలయం తెగిపోతుంది. వీడియో కెమెరాకు, కేబుల్ ప్రసారానికి ఇచ్చే తీగలలో ఇది తప్పక ఉండాలి. మూడు, బ్యాలన్స్‌డ్ తీగలు వాడటం.

మూడు పిన్నుల తీగ

బ్యాలన్స్‌డ్ తీగలో షీల్డు కాక రెండు తీగలుంటాయి. ఒకే సంకేతం ఒకదానిలో నేరుగా, మరొకదానిలో తలక్రిందులుగా ప్రయాణిస్తుంది. దారిలో చేరే మోత రెండింటిలోను సమానంగా చేరుతుంది. చివర యంత్రం రెంటి భేదాన్ని మాత్రమే తీసుకొంటుంది కాబట్టి మోత రద్దయి మాట మిగులుతుంది. మైకులకు వాడే ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టరులో 1వ పిన్ను షీల్డుకు, 2వది నేరు సంకేతానికి, 3వది తలక్రిందుల సంకేతానికి కేటాయించారు. వై-తీగ చేసుకొనేటప్పుడు 1ని 1తో, 2ను 2తో, 3ను 3తో కలపాలి. ఒక కొమ్మలో 2, 3 తారుమారయితే ఆ కొమ్మలోని పెట్టెలు మిగిలినవాటికి వ్యతిరేకంగా కదిలి, రెండు పెట్టెల శబ్దం కలిసేచోట మాట పలుచబడుతుంది.

ఈ తీగలలో కనిపించే లావు జాక్ వ్యాసం 6.35 మిల్లీమీటర్లు. ఇది 19వ శతాబ్దపు టెలిఫోను ఎక్స్ఛేంజీల నుండి వచ్చినది. తీగలను మార్చి మార్చి తగిలించే ప్యాచ్ బే పలక కూడా ఆ ఎక్స్ఛేంజీల వారసత్వమే.

మైకునే పంచవలసి వస్తే

మిక్సర్‌కు ముందే మైకు తీగను రెండు మిక్సర్లకు ఇవ్వవలసిన సందర్భాలుంటాయి. డైనమిక్ మైకు ఇంపిడెన్సు 150 నుండి 300 ఓమ్‌లు, మిక్సర్ మైకు ఇన్‌పుట్ సుమారు 2,000 ఓమ్‌లు. రెండు మిక్సర్లు కలిస్తే భారం 1,000 ఓమ్‌లవుతుంది, ఇంతవరకు ఫరవాలేదు. మూడవదానికి నేరుగా ఇవ్వరాదు, ట్రాన్స్‌ఫార్మరు ఉన్న స్ప్లిట్టరు వాడాలి.

కండెన్సరు మైకుకు మిక్సర్ నుండి 48 వోల్టుల ఫాంటమ్ విద్యుత్తు కావాలి. దానిని ఒకే మిక్సర్ ఇవ్వాలి; రెండవదానిలో ఆ మీట ఆపి ఉంచాలి. ఫాంటమ్ ఇచ్చే కొమ్మలో షీల్డును తెంపరాదు, ఎందుకనగా ఆ విద్యుత్తు తిరిగి వచ్చేది షీల్డు గుండానే.

ర్యాకు అమరిక

శబ్దయంత్రాల ర్యాకు వెడల్పు ప్రపంచమంతటా 19 అంగుళాలే. ఎత్తును యూనిట్లలో లెక్కిస్తారు. ఒక యూనిట్ 1.75 అంగుళాలు, అనగా 44.45 మిల్లీమీటర్లు. బరువైన యాంప్లిఫయర్లు అడుగున, పంపక యంత్రం మధ్యన, మీటలు తిప్పవలసిన మిక్సర్ చేతికి అందే ఎత్తున ఉండాలి. చంద్రపూర్ ఎండలు తెలిసినవే. మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ వింత కాదు. కాబట్టి యాంప్లిఫయర్ల మధ్య ఒక యూనిట్ ఖాళీ వదలడం, ర్యాకును గోడకు ఆనించకపోవడం అవసరం.

విద్యుత్ తీగలను ర్యాకు వెనుక ఒక ప్రక్కన, శబ్దపు తీగలను రెండవ ప్రక్కన కట్టాలి. రెండూ దాటవలసి వస్తే ఒకదానికొకటి అడ్డంగా, లంబకోణంలో దాటాలి. జంటగా ప్రక్కప్రక్కనే సాగరాదు. ప్రతి తీగకు రెండు కొనలలోను అది ఎక్కడి నుండి ఎక్కడికో రాసిన చీటీ అంటించాలి. ఆ చీటీ తెలుగులోను, మరాఠీలోను ఉంటే ఎవరు వచ్చి చూసినా అర్థమవుతుంది. మొత్తం అమరిక బొమ్మను కాగితంపై గీసి ర్యాకు తలుపు లోపల అతికించడం మంచి అలవాటు.

యంత్రాలు వేసేటప్పుడు ముందు మిక్సర్, తరువాత పంపక యంత్రం, చివరకు యాంప్లిఫయర్లు వేయాలి. ఆపేటప్పుడు యాంప్లిఫయర్లు ముందు ఆపాలి. ఠాప్పుమనే శబ్దం, భోంగాల డ్రైవర్లు తెగిపోవడం ఈ క్రమం పాటిస్తే చాలావరకు తప్పుతాయి.

లోపం కనిపెట్టే క్రమం

మోత వచ్చినప్పుడు కంగారుపడి అన్ని తీగలూ లాగరాదు. యాంప్లిఫయరు శబ్దం తగ్గించి, ఒక్కొక్క కొమ్మనే పంపక యంత్రం నుండి తీసి వినాలి. ఏ కొమ్మ తీసినప్పుడు మోత ఆగిందో దోషం అందులోనే ఉన్నది. ఆ కొమ్మలో మొదట తీగ మార్చి చూడాలి, తరువాత విద్యుత్ బోర్డు మార్చి చూడాలి, అప్పటికీ ఆగకపోతే ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. అసలు మాటే రాకపోతే మైకు నుండి బయలుదేరి, సంకేతం ఎంతవరకు వచ్చిందో అంచెలంచెలుగా చూసుకొంటూ పోవాలి.

చట్టం చెప్పేది

2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమాల ప్రకారం అనుమతి లేనిదే బహిరంగ ప్రదేశాలలో లౌడ్‌స్పీకరు వాడరాదు. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు ఆరుబయట నిషేధం. సాంస్కృతిక, మతపరమైన పండుగలకు రాష్ట్ర ప్రభుత్వం ఏడాదిలో 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 గంటల వరకు సడలింపు ఇవ్వవచ్చు. నివాస ప్రాంతాలలో హద్దు పగలు 55, రాత్రి 45 డెసిబెల్. చక్కటి పంపకం ఇక్కడ కూడా మేలు చేస్తుంది. ఒకే మూల నాలుగు భోంగాలు కట్టి ఊరంతా అదరగొట్టే బదులు, చిన్న పెట్టెలు నాలుగు చోట్ల పెట్టి, ఒక్కొక్కదానికి సంకేతం పంచి, తక్కువ శబ్దంతో నడిపితే ముందు వరుసవారి చెవులు బాధపడవు, వెనుక వరుసవారికి మాట అందుతుంది, పొరుగున చదువుకొనే పిల్లలకు ఇబ్బంది ఉండదు.

నాలుగు చీటీలు, రెండు రెసిస్టర్లు, ఒక ట్రాన్స్‌ఫార్మరు, కొంచెం ఓపిక ఉంటే ఊరి మైకుసెట్టు ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేస్తుంది. సభకు ముందురోజు సాయంత్రమే అన్ని కొమ్మలనూ ఒకసారి పరీక్షించి, మైదానం నాలుగు మూలలా ఒక్కొక్కరిని నిలబెట్టి, తెలుగులో ఒక వాక్యం, మరాఠీలో ఒక వాక్యం చదివించి వినాలి. నాలుగు మూలలవారూ రెండు వాక్యాలనూ తిరిగి చెప్పగలిగితే పంపకం సరిగా జరిగినట్లే.